ఫ్రైబెర్గుకు దారి పంచాయితీ ఆఫీసు మీదుగా

మా పక్కింటి వదిన చిన్న కొడుకు జర్మనీ పోతున్నాడన్న సంగతి కెంచనగుడ్డలో అందరికన్నా ముందు నాకే తెలిసింది. ఇందులో నా గొప్పేమీ లేదు. మా రెండిళ్ల మధ్య గోడ భుజాల ఎత్తే. అటు ఆమె బట్టలారేస్తుంది, ఇటు నేను బియ్యం ఏరుకుంటాను. మిగతాది దానంతట అదే జరిగిపోతుంది.

"వదినా, మావోనికి ఇంటిపేరు లేదంట!"

"లేకపోవడమేంది? పెద్దోడి పెండ్లి పత్రికలో ఇంత లావు అక్షరాలతో కొట్టించినారు గదా?"

"పత్రికలో ఉంటే వాళ్లకేం? పదో తరగతి మార్కుల కార్డులో పేరు ముందర రెండక్షరాలుండాయి. ఒకటి ఊరిది, ఒకటి వాళ్ల నాయనది. వాటిని విప్పి రాయమంటాండారు."

ఇవి మా బళ్ళారి సీమ తిప్పలు. ఆంధ్రాలో ఇంటిపేరు ముందొచ్చి కూర్చుంటుంది. ఇక్కడ బడిలో చేర్చేటప్పుడు మేష్టారికి ఏది తోస్తే ఆ అక్షరం పడుతుంది. పాస్‌పోర్టు వాళ్లకు పొడి అక్షరాలు పనికిరావు. ఇంటిపేరు ఒక గడిలో, పెట్టిన పేరు ఒక గడిలో పూర్తిగా రాయాలి. అమెరికా వీసాలో పెట్టిన పేరు గడి ఖాళీగా ఉంటే ఆ చోట ఎఫ్.ఎన్.యు. అని కొడతారు. అంటే పేరు తెలియదని అర్థం. ఇది చెప్పగానే వదిన తడిబట్ట చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. "తొట్టెలలో వేసి ఊరందరినీ పిలిచి పేరు పెట్టినాం, తెలియకపోవడమేంది?"

వీడిది జర్మనీ కాబట్టి ఆ గండం తప్పింది. కానీ పదో తరగతి కార్డులో ఒక స్పెల్లింగు, పీయూసీలో ఒకటి, ఆధారులో ఇంకొకటి. నా మాటంటే, పదో తరగతి కార్డు పట్టుకుని తక్కినవన్నీ దానికి సరిచేయించుకోవాలి. పుట్టినరోజుకైనా పేరుకైనా మన దేశంలో చివరికి అందరూ చూసేది దాన్నే. పిల్లల్ని పైదేశం పంపాలన్న ఆశ ఉన్నోళ్లు పిల్లోడు తొమ్మిదిలో ఉన్నప్పుడే ఆ పేరు చూసుకుంటే మంచిది. ఎవరు వింటారు!

అసలు వీడు ఏం చదవబోతున్నాడో చెప్పలేదు కదూ. బళ్ళారిలో మెకానికల్ ఇంజనీరింగు అయ్యింది. ఇప్పుడు ఖనిజాలు, లోహాల మీద ఎమ్మెస్. మాది తుంగభద్ర ఒడ్డు, సిరుగుప్ప సీమ, కనుచూపు మేర వరి మళ్లు. "ఇంత మడి పెట్టుకుని రాళ్ల చదువేంటికి?" అని వాళ్ల నాయన గొణిగాడు. కానీ పిల్లాడు బళ్ళారిలో నాలుగేళ్లు చూసింది మళ్లను కాదు. సండూరు కొండలు, దోణిమలై గనులు, తోరణగల్లులో జిందాల్ ఉక్కు ఫ్యాక్టరీ, రోడ్డంతా ఎర్రదుమ్ము. ఆ దుమ్ములోంచి పుట్టిన ఆలోచన ఇది. ఫ్రైబెర్గు అని జర్మనీలో, సాక్సనీ రాష్ట్రంలో ఒక చిన్న ఊరు. అక్కడ గనుల చదువు కోసం 1765లో పెట్టిన బడి ఇప్పటికీ నడుస్తోంది. జర్మేనియం అనే మూలకాన్ని 1886లో వింక్లర్ అనే ఆయన కనిపెట్టింది అక్కడే. గనుల జిల్లా పిల్లాడు గనుల ఊరికి పోవడంలో నాకైతే తప్పేమీ కనిపించలేదు. అందరూ పోతున్నారని కంప్యూటర్ల చదువుకు పోవడం కన్నా నయమే అనిపించింది.

ఊళ్లో మాత్రం మాస్టర్స్ అంటే అమెరికానే. 2023-24లో అమెరికాలో చదివే మన దేశపు పిల్లలు 3,31,602 మంది. ఆ ఏటి చలికాలపు సెమిస్టరులో జర్మనీలో ఉన్నది 49,483 మంది. తక్కువలా కనిపిస్తుంది గానీ జర్మనీకి వచ్చే పైదేశపు విద్యార్థుల్లో మనవాళ్లదే మొదటి స్థానం.

తర్వాత మార్కుల గోల.

"వదినా, వీడికి ఒకటీ ముక్కాలు వచ్చిందంట. కన్సల్టెన్సీ అబ్బాయి సంబరపడతాండాడు. పదికి ఎనిమిదిన్నర తెచ్చుకున్నోనికి ఒకటీ ముక్కాలా?"

అక్కడ లెక్క తిరగేసి ఉంటుంది. ఒకటి అంటే అందరికన్నా పైన, నాలుగంటే కొనప్రాణంతో పాసు, అది దాటితే ఫెయిలు. మన మార్కుల్ని అట్లా మార్చడానికి వాళ్ల దగ్గర ఒక సూత్రం ఉంది. గరిష్ఠ మార్కులోంచి మనకొచ్చింది తీసేసి, గరిష్ఠానికీ పాసు మార్కుకూ ఉన్న తేడాతో భాగించి, మూడుతో గుణించి, ఒకటి కలపాలి. పదికి ఎనిమిదిన్నర, పాసు గీత నాలుగు అనుకుంటే 1.75 వస్తుంది. నేను గోడ మీద సుద్దముక్కతో వేసి చూపించాను. ఆమెకు లెక్క అర్థమైంది, న్యాయం అర్థం కాలేదు. "తక్కువొస్తే ఎక్కువంట!" అంటూ లోపలికి పోయింది.

ఆ మార్కుల ట్రాన్‌స్క్రిప్టులకు బెళగావిలోని విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయానికి రాసుకోవాలి. బళ్ళారి రాష్ట్రానికి ఈ కొస అయితే అది ఆ కొస. 2022 నవంబరు నుంచి జర్మనీ వాళ్లు ఏపీఎస్ అని ఇంకొక కాగితం తప్పనిసరి చేశారు. మన సర్టిఫికెట్లు నిజమైనవేనా అని ఢిల్లీలో చూసి ముద్ర వేస్తారు. దానికి పద్దెనిమిది వేలు. దొంగ సర్టిఫికెట్లతో పోయినవాళ్ల పుణ్యాన అందరికీ పడిన జరిమానా అని నేనంటాను.

ఇక డబ్బు. ఇక్కడే వదిన ఇంట్లో రెండు నెలలు అన్నం సహించలేదు.

జర్మనీలో చాలావరకు ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఫీజు లేదు. బాడెన్-వుర్టెంబెర్గ్ అనే రాష్ట్రంలో మాత్రం మనలాంటి వాళ్ల దగ్గర సెమిస్టరుకు 1,500 యూరోలు తీసుకుంటారు. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం కూడా ఈమధ్య మొదలుపెట్టింది. ఫీజు లేదు గదా అని గుండె మీద చెయ్యి వేసుకునేలోపు ఇంకొకటి చెబుతారు. ఏడాది తిండికీ అద్దెకూ సరిపడా డబ్బు ముందే చూపించాలి. 2024 సెప్టెంబరు నుంచి అది 11,904 యూరోలు. మన లెక్కలో పన్నెండు లక్షలకు అటూ ఇటూ. ఆ డబ్బు బ్లాక్డ్ అకౌంటులో వేస్తే అక్కడికి పోయినాక నెలకు 992 యూరోల చొప్పున వదులుతారు.

"మన డబ్బు మనకే నెలనెలా ఇస్తారా? దానికి మళ్లీ వాళ్లకు ఖర్చులు కట్టాల్నా?"

"కట్టాల్సిందే. పిల్లోడు మొదటి నెలలోనే అంతా తగలెయ్యకుండా ఉంటాడు గదా, అట్ల అనుకో."

సరే, బ్యాంకులో విద్యారుణం అడుగుదామని బయలుదేరారు. వాళ్లకు కాలువ కింద ఆరెకరాల మడి ఉంది. సోనా మసూరి పండుతుంది. అమ్మితే వచ్చే డబ్బుతో ఇద్దరు పిల్లల్ని పంపొచ్చు. బ్యాంకు మేనేజరు పహణి చూసి, మర్యాదగా మడిచి తిరిగిచ్చాడట. ఏడున్నర లక్షలు దాటిన అప్పుకు తాకట్టు కావాలి, ఆ తాకట్టుకు సాగుభూమి పనికిరాదు. బ్యాంకులు బాకీ రాబట్టుకోవడానికి వాడుకునే 2002 నాటి చట్టం వ్యవసాయ భూమిని ముట్టుకోదు. ముట్టుకోలేనిదాన్ని వాళ్లెందుకు పెట్టుకుంటారు? రైతును కాపాడటానికి రాసిన మాటే. రైతు కొడుకు చదువు దగ్గర అడ్డం పడింది. ఆరెకరాల ఆసామి కన్నా బళ్ళారిలో ముప్పై బై నలభై సైటున్న గుమాస్తాకు బ్యాంకులో మర్యాద ఎక్కువ.

"ఇల్లుంది గదా, ఇల్లు పెట్టండి" అన్నాను నేను. ఆ మాటన్న పాపానికి నన్ను కూడా తిప్పారు. ఇల్లు వదిన మామగారు కట్టించింది, పంచాయితీ రికార్డులో మాత్రం ఆయన తండ్రి పేరు మీదే ఉంది. పోయినోళ్ల పేరు మీద ఉంటే ఏమైంది, ఉండేది మనమే గదా అని ఇన్నాళ్లూ ఎవరికీ పట్టలేదు. ఇప్పుడు బ్యాంకు వాళ్లకు ఇ-స్వత్తు, అంటే పంచాయితీ ఇచ్చే ఆస్తి కాగితాలు కావాలి. నమూనా 9, నమూనా 11-ఎ. అవి రావాలంటే ముందు పౌతి ఖాతా మారాలి, అంటే పోయినోళ్ల పేరు తీసి వారసుల పేరు ఎక్కించాలి. పౌతి మారాలంటే వంశవృక్షం కావాలి. వంశవృక్షంలో పేర్లున్న వాళ్లందరూ ఒప్పుకోవాలి. అందరూ అంటే ఆదోనిలో ఉన్న ఆడపడుచు, రాయచూరులో ఉన్న మరిది, ఎనిమిదేళ్లుగా మాట్లాడుకోని పెద్ద బావగారు కూడా.

ఆ పెద్ద బావగారి ఇంటికి వదిన ఒక్కతే పోయింది. చీర కొంగు నిండుగా కప్పుకుని, పిల్లోణ్ని వెంటబెట్టుకుని. ఆయన కాగితం చదవలేదు. "ఏ దేశమప్పా?" అని పిల్లోణ్ని అడిగి సంతకం పెట్టాడట. జర్మనీ చదువు పుణ్యాన ఎనిమిదేళ్ల పగ పోయింది. ఆ లాభం ఏ కన్సల్టెన్సీ వాడూ లెక్కలో చూపించడు.

ఆదోని ఆడపడుచు ఇంకొక మాట అంది. "తెలంగాణలో మా తోటికోడలి కొడుక్కి అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద ఇరవై లక్షలిచ్చినారు, మీకూ అట్లాంటిది అడగరాదా?" అడగొచ్చు, ఎవర్ని? మేం ఇంట్లో తెలుగు, సర్కారు దగ్గర కన్నడ. 1953లో రాష్ట్రాల మధ్య గీత గీసినప్పుడు మేం ఇటు పడ్డాం. ఆ రాష్ట్రాల పథకాలు ఆ రాష్ట్రాల పిల్లలకే. కర్ణాటకవి ఉన్నాయి, కులాన్ని బట్టి, ఆదాయాన్ని బట్టి. వీళ్లు దేనిలోనూ పట్టలేదు.

ఆ రోజుల్లోనే ఒకసారి ఆమె బాగా దిగులుగా ఉంటే ధైర్యం చెప్పబోయి యల్లాప్రగడ సుబ్బారావు గారి కథ ఎత్తుకున్నాను. భీమవరంలో పుట్టిన మనిషి. హార్వర్డులో సీటొచ్చినా చేతిలో డబ్బు లేదు. కాకినాడలో మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ, పిల్లనిచ్చిన మామగారు తలా ఒక చెయ్యి వేస్తే 1923 అక్టోబరులో బోస్టన్‌లో దిగాడు. చదువుకుంటూనే పొట్టకోసం ఆస్పత్రిలో రాత్రి పూట పోర్టరు పని చేశాడు. తర్వాత ఆయన, ఆయన బృందం చేసిన పనుల్లోంచి బోదకాలు మందు, క్యాన్సరుకు ఇప్పటికీ వాడే మెథోట్రెక్సేట్ వచ్చాయి.

"మళ్లీ ఎప్పుడొచ్చినాడు?" అంది వదిన.

నేను తడబడ్డాను. ఆయన రాలేదు. 1948లో అక్కడే పోయాడు. భార్య ఇక్కడే ఉండిపోయింది.

"ఇంగ చాల్లే వదినా, నీ కథలు" అని వెళ్లిపోయింది. ఆ సాయంత్రం మా ఊళ్లోని వసుధేంద్ర తీర్థుల బృందావనం చుట్టూ మామూలు కన్నా ఎక్కువ ప్రదక్షిణలు చేసిందని మా కోడలు చెప్పింది.

అప్పు మంజూరయ్యింది. బెంగళూరులో వీసా కూడా అయ్యింది. ఇప్పుడు సామాను ఘట్టం. వదిన మొదట డబ్బా నిండా నెయ్యి కాచింది. యూరోపు దేశాలలోకి బయటి నుంచి పాలతో, మాంసంతో చేసినవేవీ సంచిలో తీసుకుపోనివ్వరు. నెయ్యి, పాలకోవా, మాంసం పెట్టిన ఊరగాయ, ఏదైనా సరే. పచ్చి కరివేపాకు కూడా పనికిరాదు, ఆకులకూ పండ్లకూ ప్రత్యేకం సర్టిఫికెట్ కావాలి. విచిత్రమేమంటే అరటి, అనాస, ఖర్జూరం, కొబ్బరికి ఆ సర్టిఫికెట్ అక్కర్లేదు.

"అయితే టెంకాయ పోతుందా?"

"పోతుంది."

"నెయ్యి పోదు, టెంకాయ పోతుంది. దేవుడున్నాడు."

గురెళ్ల పొడి, చెనిక్కాయల పొడి కట్టింది. బొరుగులు వద్దన్నాను, బరువు లేకపోయినా సంచి మొత్తం అవే ఆక్రమిస్తాయి. ఉగ్గాని వాడు అక్కడ చేసుకుంటాడా ఏమన్నా? స్వెట్టర్లు కూడా ఇక్కడ కొనొద్దన్నాను. మన సిరుగుప్ప స్వెట్టరు మన సిరుగుప్ప చలికి సరిపోతుంది, అంతే. కుక్కరు పెట్టుకోమన్నాను. కరెంటు మనలాగే 230 వోల్టులు, ప్లగ్గు పిన్నులే వేరు, రెండు అడాప్టర్లు కొంటే చాలు.

నా మటుకు నాకు సామాను కన్నా వాడి చేతులే దిగులు. ఇరవై రెండేళ్లొచ్చాయి, అన్నానికి ఎసరు ఎంతో తెలియదు. తిన్న కంచం తీయడు. అందుకని రోజూ సాయంత్రం గోడ దూకి మా వంటింట్లోకి రమ్మన్నాను. వాళ్లమ్మ దగ్గర నేర్చుకుంటే ఆమె చేసి పెట్టేస్తుంది. చారు వచ్చింది. పప్పు వచ్చింది. జొన్న రొట్టె మాత్రం తట్టలేకపోతున్నాడు, మ్యాపుల్లా వస్తున్నాయి. తింటూ తింటూ జర్మన్ పాఠం వల్లె వేస్తాడు. చదువు ఇంగ్లీషులోనే అయినా అంగడిలో, బస్సులో జర్మన్ కావాలి. తెలుగు, కన్నడ, హిందీ, ఇంగ్లీషు ఉన్న గడ్డమీది పిల్లాడు. ఐదో భాషకు భయపడలేదు, అదొక్కటీ నాకు నచ్చింది.

నిన్న వాడే వాళ్లమ్మకు చెబుతున్నాడు. దిగిన రెండు వారాల్లో ఆ ఊరి ఆఫీసుకు పోయి చిరునామా రాయించుకోవాలట. ఇంటి ఓనరు సంతకం పెట్టిన కాగితం చూపించాలట. అది లేకపోతే ట్యాక్సు నంబరు రాదు, తక్కిన పనులూ ముందుకు జరగవు.

"అక్కడ కూడా ఇంటి కాగితమేనా?" అంది వదిన. తడిబట్ట దండెం మీద వేసి, గోడ మీదకు వంగి గొంతు తగ్గించింది. "వదినా, ఆ ఓనరుకు అన్నదమ్ములెవరన్నా ఉండారేమో ముందే కనుక్కోమని చెప్పు."