రాజీనామా అనే మాట

‘ఉద్యోగం పురుషలక్షణం’ అన్న మాట మనలో చాలామందిమి చిన్నప్పుడే విని ఉంటాం, అదీ ఎవరో ఒక పెద్దమనిషి మనల్ని గట్టిగా మందలిస్తున్న సందర్భంలో. నిజానికి అందులోని ఉద్యోగానికీ నెలజీతానికీ సంబంధం లేదు. సంస్కృతంలో ఆ మాటకు ప్రయత్నం, పూనిక అని అర్థం. భారతంలో ఉద్యోగపర్వమంటే పాండవులు కొలువు వెతుక్కున్న కథ కాదు. కొలువు విరాటపర్వంలోనే అయిపోయింది! అది ముగిశాకే వాళ్ళ ఉద్యోగం మొదలైంది.

రాజీనామా సంగతీ అంతే. ఇది పారసీ నుంచి వచ్చిన మాట. రాజీ అంటే సమ్మతి, నామా అంటే పత్రం. కోర్టుల్లో ఇరుపక్షాలూ ఒప్పుకుని రాసుకునే కాగితం పేరు అదే. బొంబాయి ప్రాంతపు రైత్వారీ లెక్కల్లో రైతు తన భూమిని వదులుకుంటూ రాసి ఇచ్చే కాగితం కూడా రాజీనామాయే. దాన్ని తీసుకునేవాడు రాసేది కబూలియత్. అలిగి విసిరికొట్టే కాగితమన్న ఛాయ ఆ మాటలో ఎక్కడా లేదు.

ఈ రెండు మాటలూ ఏడాదిగా నా బుర్రలో తిరుగుతున్నాయి. 18 ఏళ్ళుగా చేస్తున్న ఉద్యోగం మానెయ్యాలా, వద్దా అన్నది తేల్చుకోవలసి రావడమే అందుకు కారణం.

నేను హైదరాబాదులో ఒక సాఫ్టువేరు సంస్థలో వాడుకరి పుస్తకాలు రాస్తాను. ఏ మీట నొక్కితే ఏమవుతుందో, కాకపోతే ఏం చెయ్యాలో చెప్పే పుస్తకాలు. ఎవరూ చదవరని అందరూ నవ్వుతారు గానీ, అర్ధరాత్రి ఏదో ఆగిపోయినప్పుడు వెతికేది వాటినే. ఒకప్పుడు మా విభాగంలో పదకొండుమందిమి, ఇప్పుడు నలుగురం. తొలి ప్రతి యంత్రం రాస్తుంది, నేను దిద్దుతాను. తప్పులు లేకపోతే సంతోషించాలో, ఉంటే సంతోషించాలో తెలియని ఒక వింత స్థితి.

ఒక రాత్రి కూర్చుని ఫిర్యాదులన్నీ కాగితం మీద పెట్టాను. రెండు గంటల ప్రయాణం, అర్థం లేని సమావేశాలు, ఏటా వచ్చే గ్రేడింగు తంతు, నాకన్నా పదిహేనేళ్ళు చిన్నవాడు భుజం తట్టి ‘గుడ్ జాబ్’ అనడం... పద్నాలుగు తేలాయి. మర్నాడు చదువుకుంటే ఒకటి అర్థమైంది. వాటిలో పన్నెండు ఇంకో కంపెనీకి మారితే తీరేవే. అంటే అవి కుర్చీ మార్చుకోవడానికి కారణాలు. కుర్చీ వదిలెయ్యడానికి వేరే కారణం కావాలి.

దానికన్నా ముందు డబ్బు సంగతి. సాహిత్యం రాసేవాళ్ళం డబ్బు గురించి మాట్లాడకూడదన్న నియమం ఏదో ఉంది గానీ, ఇంత పెద్ద నిర్ణయంలో దాన్ని పక్కన పెట్టడం కుదరదు. గ్రాట్యుటీ ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున వస్తుంది. నెలను 26 రోజులుగా లెక్కగడతారు. 1972 నాటి చట్టంలోని ఈ లెక్క, 2025 నవంబరులో దాని స్థానంలో అమల్లోకి వచ్చిన కొత్త స్మృతిలోనూ కొనసాగింది. మూలవేతనం 50,000 అనుకుంటే 18 ఏళ్ళకు 5 లక్షల 19 వేల చిల్లర. భవిష్యనిధి వేరు. దానితో ముడిపడిన పింఛను మాత్రం నవ్వు తెప్పిస్తుంది. 2014లో 15,000 చేసిన జీతపు పరిమితిని సర్వీసు సంవత్సరాలతో హెచ్చవేసి 70తో భాగించాలి. నాకు నెలకు నాలుగు వేలు కూడా రాదు. అదీ 58 ఏళ్ళకు. 50 దాటాక ముందే పుచ్చుకోవచ్చు, కానీ తగ్గిన ఒక్కో ఏడాదికీ 4 శాతం కోత. నాకిప్పుడు 47.

వీటన్నిటికన్నా నన్ను ఆపింది మా అమ్మ. ఆవిడకు 74 ఏళ్ళు, మధుమేహం. తెనాలిలో ఉంటుంది. ఆవిడ వైద్యబీమా నా ఉద్యోగంతో ముడిపడినది. నేను బయటికి వస్తే అదీ పోతుంది. కొత్తగా తీసుకుంటే, ముందే ఉన్న జబ్బులకు కొంతకాలం ఆగమంటారు. 2024 నుంచి ఆ గడువు 3 ఏళ్ళకు మించకూడదని నియమం వచ్చింది. కానీ 74 ఏళ్ళ మనిషికి మూడేళ్ళంటే చిన్న మాటా? అదే బీమా సంస్థలో వ్యక్తిగత పాలసీకి మారే వీలుంటుందట. అది కూడా ఉద్యోగంలో ఉండగానే కదిలించాల్సిన పని. కోపంలో మానేసినవాడికి ఇవేవీ గుర్తుండవు.

మరి మానేసి చేసేదేమిటి? భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ వృత్తి పదకోశం వచ్చింది; 1971లో చేనేత పదకోశం. ఊరూరా తిరిగి, పనిచేసేవాళ్ళ నోటినుంచి సేకరించిన మాటలు. నాకు ఎప్పటినుంచో ఆ దారిలో చిన్న పని ఒకటి చెయ్యాలని ఉంది. కృష్ణా డెల్టా కాలువల్లో ఒకప్పుడు సరుకుల పడవలు నడిచేవి. చుక్కాని, తెరచాప, లంగరు లాంటివి నిఘంటువుల్లో దొరుకుతాయి. పడవ నడపడంలోని మిగతా మాటలు ఆ పని చేసినవాళ్ళ దగ్గరే ఉన్నాయి. వాళ్ళకు ఇప్పుడు ఎనభై పైమాటే.

ఉద్యోగం చేస్తూనే ఇది చెయ్యకూడదా అని నన్ను నేనే చాలాసార్లు అడిగాను. మా తెనాలివాడే అయిన కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో పోయేదాకా చందమామలో పనిచేస్తూనే అంత సాహిత్యం సృష్టించాడు. ఇంకోవైపు చార్లెస్ లాంబ్ ఉన్నాడు. ఈస్టిండియా కంపెనీలో 33 ఏళ్ళు గుమాస్తాగిరీ చేసి, 1825లో పింఛనుతో బయటపడి, వయోవిరమణ పొందిన మనిషి గురించి అదే ఏడు ఒక వ్యాసం రాశాడు. అందులోని మనిషికి ఏ రోజు ఏ వారమో తెలియకుండా పోతుంది. పాత కచేరీకి చూడబోతే, తన బల్లా, టోపీ తగిలించుకునే కొక్కెం ఇంకొకరివైపోయి ఉంటాయి. అది సహజమేనని తెలిసినా ఆయనకు మనసు చివుక్కుమంటుంది. చదివిన ప్రతిసారీ నాకు భయం వేసే వ్యాసం అది.

అందుకని పరీక్షగా పోయిన దసరాకు పదిహేను రోజులు సెలవు పెట్టి తెనాలి వెళ్ళాను. దుగ్గిరాల లాకుల దగ్గర ఒక పెద్దాయన రోజూ రెండు గంటలు మాట్లాడారు. లాకు ఎలా పనిచేస్తుందో నేలమీద పుల్లతో గీసి చూపించారు. పడవను రెండు తలుపుల మధ్యకు తెచ్చి, వెనక తలుపు మూసి, లోపలికి నీరు వదిలి, ఎగువ మట్టంతో సమమయ్యాక ముందు తలుపు తీస్తారు. సమం కాకముందు పదిమంది తోసినా తలుపు కదలదట. ఆయన పలికిన మాటల్లో సగం నా దగ్గరున్న ఏ నిఘంటువులోనూ లేవు. “ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు బాబూ. అడిగుంటే మావాళ్ళు పదిమంది ఉండగానే చెప్పేవాళ్ళం” అన్నారు. ఇంకో ఇద్దరి పేర్లు చెప్పారు. నేను సంక్రాంతికి మళ్ళీ వెళ్ళేసరికి ఆ ఇద్దరిలో ఒకరు లేరు.

నాకు దొరికిన వేరే కారణం అదే. కుటుంబరావుగారి కథలు ఆయనతోనే ఉన్నాయి, ఏ రాత్రయినా రాసుకోగలడు. నేను వెతికేవి ఇంకొకరి దగ్గర ఉన్నాయి. నా విరమణ దాకా అవి ఆగవు.

మా ఆవిడతో ఇదంతా చెప్పాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తరవాత, “విసుగొచ్చి మానేస్తానంటే వద్దంటాను. ఆ విసుగును మీరు ఇంటికే తెచ్చుకుంటారు. పనుండి మానేస్తానంటే లెక్క చూద్దాం” అంది. చూశాం. ఆరు నెలలుగా నా జీతంలో మూడో వంతుతో, ఆవిడ ట్యూషన్ల ఆదాయంతో ఇల్లు నడుపుతున్నాం, మిగిలినది వేరే ఖాతాలో వేస్తున్నాం. రెండు నెలలు కష్టమైంది. తరవాత అలవాటైంది. ఆదివారం బయట తిళ్ళు మానెయ్యడం మాత్రం మా అమ్మాయికి ఇంకా మింగుడుపడలేదు.

చివరకు తేలింది ఇది. అమ్మాయి ఇంటర్ పరీక్షలు మార్చిలో అయిపోతాయి. అప్పటికి అమ్మ బీమా మార్పు పూర్తి కావాలి. అది కాకపోతే గడువు జరుపుతాను, అందులో మొహమాటం లేదు. అయితే ఏప్రిల్లో కాగితం ఇస్తాను. 90 రోజుల నోటీసు కనుక జూలైకి విడుదల. ఒకటో తారీఖున ఇస్తే ఎవరూ నమ్మరని మా ఆవిడ హెచ్చరించింది కాబట్టి రెండో తారీఖున. కాగితం ఇప్పటికే రాసి పెట్టుకున్నాను, రెండే వాక్యాలు. పద్నాలుగు ఫిర్యాదుల్లో ఒక్కటీ అందులో లేదు.

మీ బంధువుల్లో గానీ, మీ ఊళ్ళో గానీ కృష్ణా కాలువల మీద పడవలు నడిపినవాళ్ళుంటే దయచేసి తెలియజెయ్యండి. ఏప్రిల్ దాకా ఆగనక్కరలేదు. శని, ఆదివారాల్లో వస్తాను.