మొదటిసారి కలిసేటప్పుడు ఎక్కడ కూసోవాలె?



ఈ పోస్టు మేమిద్దరం కలిసి రాస్తున్నం. మాలో ఒకరిది మహబూబాబాద్ దిక్కు తండా, ఇంకొకరిది తాడ్వాయి అడవిలో కోయగూడెం. పేర్లు రాస్తలేము, ఎందుకో చివర్ల తెలుస్తది. గ్రూపుల చిన్నోళ్లు “అన్నా, హనుమకొండల ఫస్ట్ టైం కలవాలంటే ఏ హోటల్ మంచిది?” అని అడుగుతున్నరు. హోటల్ పేరు చెప్పేకంటే మేము చేసిన తప్పు చెప్తేనే ఎక్కువ పనికొస్తదనిపించింది.

మేమిద్దరం కాకతీయ యూనివర్సిటీల పీజీ చేస్తున్న రోజులవి. లైబ్రరీల ఒకే టేబుల్, ఒకే నోట్స్. ఒకరోజు బయట కలుద్దాం అనుకున్నం. ఎక్కడ అనేది అబ్బాయే చూసుకోవాలె అన్నట్టు అయింది. రూమ్మేట్లను అడిగితే “టిఫిన్ సెంటర్‌కు తీస్కపోతవా? పరువు పోతది. బార్ అండ్ రెస్టారెంట్‌ల ఫ్యామిలీ సెక్షన్ ఉంటది. ఏసీ, తెరలు. మనోళ్లెవ్వరూ చూడరు” అన్నరు. ఆ చివరి మాటే మనసుల పడ్డది. హనుమకొండకు దవాఖాన పని మీదనో, కోర్టు పని మీదనో మనూరోళ్లు రోజూ వస్తనే ఉంటరు. ఎవరన్న చూస్తే మనం హాస్టల్ చేరకముందే తండాకు ఫోన్ పోతది.

సాయంత్రం ఏడింటికి పోయినం. ఫ్యామిలీ సెక్షన్‌కు పోవాలంటే ముందు బార్ హాల్ దాటాలె. టేబుళ్ల నిండా మగవాళ్లే. అందరూ తలెత్తి చూసిన్రు. లోపల కూసోంగనే వెయిటర్ తెర గుంజి, మెనూ అబ్బాయికి ఒక్కడికే ఇచ్చి, “సార్, బీరా, విస్కీనా?” అన్నడు. జేబుల ఉన్నది ఆరు వందలు. అబ్బాయి మెనూను కుడివైపు ధరల నుంచి చదువుతున్నడు. వద్దు అని చెప్పనీకి నామోషీ అయి “కొంచెం ఆగి చెప్తం” అన్నడు. అమ్మాయేమో ఫోన్‌ల చార్జింగ్ ఎంతుంది, హాస్టల్ గేటు ఎప్పుడు మూస్తరు, తలుపు ఎంత దూరముంది అని లెక్కేసుకుంటున్నది. ఇద్దరం అరగంటల పది మాటలు కూడా మాట్లాడలే.

రెండు లైమ్ సోడాలు తాగి, బిల్లు కట్టి, బయటపడ్డం. ఆటో ఎక్కి భద్రకాళి చెరువు కట్ట మీదికి పోయినం. పిల్లలు ఉరుకుతున్నరు, పెద్దోళ్లు వాకింగ్ చేస్తున్నరు. మక్క కంకులు కొనుక్కుని కూసున్నం. అసలు మాటలు అక్కడ మొదలైనయి.

“మందు నాకు కొత్త కాదు. మా గూడెంల ఇప్పసారా ముందు వేల్పుకు పోసి, తర్వాత పెద్దోళ్లు అందరి ముందటే తాగుతరు. నాకు భయమైంది మందు చూసి కాదు, ఆ తెర చూసి. ఎక్కడ కలుద్దామని నన్ను ఒక్కమాట అడగలే నువ్వు” అన్నది. తెర ఉంటే ఎవరూ చూడరని అబ్బాయి ధైర్యం. తెర ఉంటే ఎవరూ చూడరనే అమ్మాయి భయం. ఆ ముచ్చట అతనికి అప్పటిదాకా తట్టనే లేదు. తప్పైందని ఒప్పుకుని, జేబుల ఆరు వందల కథ కూడా చెప్పిండు. ఆమె నవ్వి, బిల్లుల సగం తీసి చేతుల పెట్టింది.

తర్వాత ఆలోచిస్తే మన పద్ధతులే గుర్తొచ్చినయి. తండాల తీజ్ పండుగకు పెళ్లికాని ఆడపిల్లలు గోధుమ మొలకల బుట్టల చుట్టూ తొమ్మిది రోజులు ఆడుతరు, పాడుతరు. రేగు ముళ్లకు నానబెట్టిన శనగలు గుచ్చుతుంటే బావ వరస పోరగాళ్లు కొమ్మ ఊపి ఏడిపిస్తరు. అంతా ఊరి ముందటే. పక్కన పదిమంది దోస్తులుంటరు కాబట్టి పిల్ల ఎదురు మాట అనగలుగుతది, నచ్చకపోతే మొహం తిప్పుకుని పోగలుగుతది. మనకు చాటు కలవడం పట్నం నేర్పిందేమో.

అందుకే మేము చెప్పేది ఇంతే. జాగ ఇద్దరూ కలిసి అనుకోండి. పగటి పూట కలవండి. 1163లో కట్టించిన వేయిస్తంభాల గుడి ఆవరణ, చెరువు కట్ట, కేయూ క్రాస్‌రోడ్ దగ్గర చాయ్ కొట్టు, ఏదైనా సరే, మధ్యల లేచి పోవాలనిపిస్తే పోగలిగే చోటు చూడండి. ఎక్కడున్నరో ఒక దోస్తుకు చెప్పిపెట్టండి. ఖర్చు ముందే మాట్లాడుకోండి, స్కాలర్‌షిప్ పైసలతో గొప్పలు వద్దు. మన రాష్ట్రంల 21 ఏండ్లు నిండనోళ్లకు మందు అమ్మొద్దని చట్టమే ఉంది. నిండినా సరే, మొదటి రోజు వద్దు. ఎదుటి మనిషి ఎట్లాంటోళ్లో తెల్వాలంటే మనం తెలివి మీద ఉండాలె.

ఇగ పేర్ల సంగతి. ఒకరం లంబాడా, ఒకరం కోయ. ఈ రెండు వర్గాల నడుమ రిజర్వేషన్ గొడవ మీ అందరికీ తెలిసిందే. ఇండ్లల్ల ఇంకా చెప్పలే. చెప్పేటప్పుడు మాత్రం తెర చాటున చెప్పొద్దనుకున్నం, ఇద్దరం కలిసిపోయి, రెండు వాకిండ్లల్ల కూసోనే చెప్తం. అప్పటిదాకా మీరు మీ అనుభవాలు కింద రాయండి. ముఖ్యంగా చెల్లెండ్లు రాయాలె. ఏ జాగల కూసుంటే ధైర్యంగ ఉంటదో మీరే చెప్పగలుగుతరు.