ధనలాభం టికెట్టు

అమీర్‌పేటలో మెట్రోకి ఇంకా నాలుగు నిమిషాలు. ప్లాట్‌ఫాం మీద అందరి తలలూ ఫోన్లలోనే, నాది కూడా.

చిన్నప్పుడు కాజీపేట స్టేషన్లో రంగు బల్బులు గిరగిరా తిరిగే బరువు మిషన్ ఉండేది. రూపాయి బిళ్ళ వేస్తే లోపల ఖణేల్‌మని చప్పుడు, కాసేపటికి అట్టముక్క టికెట్టు. ఒకవైపు బరువు, రెండోవైపు జాతకం. బరువు నిజమో కాదో ఎవరికి కావాలి? మా నాన్నకి మాత్రం ఎప్పుడూ ‘ధనలాభమే’, పాపం!

రైలు కోసం ఆగినవాళ్ళకి అలాంటి సరదా అమెరికాలోనూ ఉంది. బోస్టన్ పక్కనే కెండాల్ సబ్‌వే స్టేషనుంది. అక్కడ రెండు రైలు మార్గాల మధ్య 16 అల్యూమినియం గొట్టాలు గంటల్లా వేలాడతాయి. 1980ల్లో పాల్ మాటిస్ చేశాడు, చిత్రకారుడు ఆన్రీ మాటిస్ మనవడు. గోడకున్న పిడి పట్టుకుని ఊపాలి. ఒక్క ఊపుకి మోగవు, లయ దొరకాలి. దొరికిందా, సుత్తులు కదిలి గొట్టాలకు తగిలి స్టేషనంతా మోగుతుంది. తెర లేదు, యాప్ లేదు. పిడులు తరచూ పాడైతే ఎంఐటీ విద్యార్థులే పూనుకుని బాగుచేశారు.

మన స్టేషన్లలో స్తంభం స్తంభానికీ ప్రకటనే. ఒక్కచోట ఒక్క పిడి పెట్టండి సార్. కుదరకపోతే ఆ బరువు మిషనైనా తెచ్చిపెట్టండి, రూపాయి నేను వేస్తా.