మాదిగోళ్ళ బండి

టర్బో అంటే పెద్ద మాయేం కాదు. ఇంజిను కాల్చి పారేసిన పొగలో ఇంకా వేడీ జోరూ ఉంటాయి. అది పోయే దారిలో ఓ చక్రం పెడితే గిర్రున తిరుగుతుంది. అదే ఇరుసుకి రెండో కొసన ఉన్న చక్రం బయటిగాలిని ఒత్తి సిలిండర్లలోకి తోస్తుంది. గాలి ఎక్కువైతే డీజిలూ ఎక్కువ మండించొచ్చు, ఇంజిను అంత బరువు లాగుతుంది. ఆల్ఫ్రెడ్ బూషీ అనే స్విట్జర్లాండ్ ఇంజనీరు 1905లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. పారేసినదాన్ని పనిలోకి తేవడం మా తాతకీ తెలుసు. ఊరు ఈడ్చి పారేసిన గొడ్డు తోలుతో చెప్పులు కుట్టి ఆ ఊరి కాళ్ళకే తొడిగాడు. ఆయనకి పేటెంటు ఎవడిచ్చాడు? కళ్ళంలో దూరంగా నిలబెట్టి నాలుగు కుంచాల చోళ్ళు కొలిచారు.

సాలూరు లారీల ఊరు. ఒకప్పుడు విజయనగరం జిల్లా, 2022 నుంచి పార్వతీపురం మన్యం. రాయపూర్ రోడ్డుకి పాత నంబరు 43, ఇప్పుడు 26. ఆ రోడ్డున సుంకి ఘాటీ ఎక్కే లారీలకి ఇక్కడే మరమ్మత్తులు. పదమూడో ఏట నేనో షెడ్డులో చేరాను. డీజిల్లో సామాన్లు కడగడం, ఛాసీ కింద దూరి గ్రీజు కొట్టడం నా పని. నా చేతి మసి ఎవడికీ అంటు కాలేదు. మంచినీళ్ళ కుండ దగ్గర మాత్రం నా కులం గుర్తొచ్చేది. "దోసిలి పట్టరా, నాను పోత్తాను" అనేవాడు హెడ్డు మేస్త్రి. అదే చేత్తో నేను బిగించిన బోల్టుల మీద లారీలు కొరాపుట్ దాటి పోయేవి.

2000లో కొత్త పొగ నిబంధనలు వచ్చాక షెడ్డుకి టర్బో లారీలు రావడం ఎక్కువైంది. పాత మేస్త్రిలు దాన్ని ముట్టుకోవడానికి జంకారు. కడిగేవాణ్ణి నేనే గనక విప్పిన ప్రతి ముక్కా నా చేతికే వచ్చేది. అలా నేర్చుకున్నాను. వాళ్ళు ముట్టుకోనిదొకటి నాకు పనికొచ్చింది, చూడండి.

తర్వాత నాకంటూ చిన్న షెడ్డు వేసుకున్నాను. మా అక్క కొడుకు ఫైనాన్సు వాళ్ళు గుంజుకున్న పాత బొలెరో ఒకటి వేలంలో పాడుకుని నా దగ్గరికి లాక్కొచ్చాడు. 2523 సీసీ టర్బో డీజిలు, ఇంజిను పట్టేసింది. సాలూరు నుంచి పాచిపెంట మీదుగా కొండ ఊళ్ళకి రోజూ మనుషుల్ని తిప్పి బతకాలని వాడి ఆలోచన.

"మావా, పంపు స్క్రూ తిప్పీ. పికప్పు అదిరిపోవాల" అన్నాడు.

పికప్పు తేవడం పది నిమిషాల పని. పంపు సీలు తెంచి డీజిలు పెంచితే చాలు, నల్లపొగతో ఉరుకుతుంది. ఆ వేడికి ఏదో ఒక ఎండలో, ఏదో ఒక ఎక్కుడులో పిస్టను కరుగుతుంది. నేను తిప్పలేదు.

బుగత జీపు ఘాటీలో ఆగితే రోడ్డు బాగోలేదంటారు. మా బండి ఆగితే? "మాదిగోళ్ళ బండి, మరేటవుతాది" అంటారు. ఒక్కసారి ఆగితే చాలు, ఏడాదంతా చెప్పుకుంటారు. మా బండికి ఆగిపోయే హక్కు లేదు.

అందుకే పద్ధెనిమిది రోజులు పట్టించాను. హెడ్డుకి పగుళ్ళు లేవని చూసుకుని లేతుకి పంపి చదును చేయించాను. పిస్టన్లు, రింగులు, మెయిన్ బేరింగులు, ఆయిలు పంపు కొత్తవి. హెడ్డు బోల్టులు చేతి అంచనాకి వదలకుండా టార్కు రెంచితోనే బిగించాను. టర్బో ఇరుసు నిమిషానికి లక్ష చుట్ల పైనే తిరుగుతుంది, అదీ పల్చటి నూనె పొర మీద తేలుతూ. కాబట్టి దాని ప్రాణం ఆయిలొచ్చే సన్నగొట్టంలో ఉంది. దాన్ని మార్చేశాను. ఆయిలు వెనక్కి దిగే గొట్టాన్ని ఎవడూ పట్టించుకోడు. జాయింటుకి పేస్టు ఎక్కువ రాస్తే అది లోపలికి ఉబికి దారి మూసేస్తుంది. దిగలేని ఆయిలు సీళ్ళ గుండా ఇంజినులోకి పోయి తెల్లగా నీలంగా పొగ వస్తుంది. టర్బో పోయిందని కొత్తది కొనిపిస్తారు. నేను పేస్టు రాయలేదు. గాస్కెట్టు షీటు అంచు మీద పరిచి చిన్న సుత్తితో టకటకా కొట్టి ఆకారం తీశాను. చెప్పు అట్టని మా తాత అలాగే తీసేవాడు. ఎయిర్ ఫిల్టరు, దాని గొట్టం క్లిప్పులు కూడా కొత్తవే వేశాను, మన ఎర్రదుమ్ము కొంచెం దూరినా గాలిచక్రం రెక్కలు అరిగిపోతాయి. చివరికి టర్బోలోకి చేత్తో ఆయిలు పోసి, డీజిలు ఆపి, ఆయిలు వచ్చేదాకా సెల్ఫు కొట్టి, అప్పుడు స్టార్టు చేశాను.

వాడికి ఒకే మాట చెప్పాను: "ఎక్కుడు ఎక్కొచ్చీసి ఎంటనే ఆపీకు. రెండు నిమిషాలు స్లోలో ఒగ్గెయ్." ఇంజిను ఆగితే ఆయిలు రావడం ఆగుతుంది. నిప్పులాంటి చక్రం పక్కన నిలిచిన ఆయిలు మాడి బొగ్గవుతుంది.

మొదట్లో మావోళ్ళూ, సంతకెళ్ళే కొండవాళ్ళే ఎక్కేవారు. రెండు వానాకాలాలు గడిచినా బండి ఆగలేదు. బుగత జీపు రెండుసార్లు ఆగింది. అప్పుడు వాళ్ళింటి పెళ్ళికి కబురొచ్చింది, బండి కావాలి, డ్రైవరు మాత్రం వాళ్ళవాడే ఉంటాడట.

మా మేనల్లుడు ఇంజిను స్లోలో పెట్టి, సీట్లోంచి దిగకుండానే జవాబు చెప్పాడు. "దీన్ని ఎలగ ఆపాలో నాకే తెలుసు. నాను నడిపితే ఎక్కండి, నేకపోతే మానీండి."

వచ్చినవాడు కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. పెళ్ళివాళ్ళు విజయనగరం నుంచి బండి తెప్పించుకున్నారు. మా వాడు ఆ రోజు పాచిపెంటకి నాలుగు ట్రిప్పులు వేశాడు.