నొప్పికి రుజువేది?

సికిల్ సెల్ నొప్పి ఎక్స్‌రేలో కనబడదు. కొడవలిలా వంగిన ఎర్రకణాలు సన్నటి రక్తనాళాలకు అడ్డుపడి ఎముకల్ని మెలిపెట్టేస్తున్నా ఒంటి మీద గాయం ఉండదు. జ్వరం ఉండకపోవచ్చు, బీపీ మామూలుగానే ఉండొచ్చు. ఆ నొప్పిని కొలిచే రక్తపరీక్ష లేదు, రోగి చెప్పిందే రుజువు. చెప్పేదెవరో చూసి నమ్మే అలవాటు మా వైద్యవృత్తిలో ఎంతుందో ఈ జబ్బు బయటపెట్టినట్టు మరేదీ పెట్టదు.

అమెరికాలో నేను పనిచేసిన ఎమర్జెన్సీకి ఒక నల్లజాతి కుర్రాడు వచ్చేవాడు. పాతికేళ్లు ఉండవు. షిఫ్టు మారేటప్పుడు అతని గురించి నాకు అప్పజెప్పిన మాట, "మళ్లీ వచ్చాడు. డైలాడిడ్ కావాలట." డైలాడిడ్ నల్లమందు జాతికి చెందిన నొప్పి మందు. దాని పేరూ మోతాదూ తనే చెప్పడంతో, మత్తు కోసం నటిస్తున్నాడేమోనన్న అనుమానం మొదలైంది. పుట్టుకతో వచ్చిన జబ్బు, తనకు ఏ మందు ఎంత పడుతుందో తెలియకపోతేనే వింత. మన పెద్దాయనెవరైనా "పొద్దున ఇరవై, రాత్రి పన్నెండు" అంటూ ఇన్సులిన్ యూనిట్లు గడగడా చెబితే ఎంత శ్రద్ధో అని మెచ్చుకుంటాం. ఆ కుర్రాడు చేసిందీ అంతే.

అంత నొప్పిలోనూ అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని, కాలేజీ ఐడీ కార్డు మెళ్లో తగిలించుకుని వచ్చేవాడు. ఎందుకని అడిగితే, "ఇలా వస్తే కాస్త నమ్ముతారు డాక్టర్" అన్నాడు. వేళ్లు వంగక బొత్తాలు వాళ్లమ్మ పెట్టిందట.

జాతి మీద ద్వేషం ఉన్నవాళ్లే ఇలా చేస్తారనుకుంటే పొరపాటే. సమాజంలో చెలామణీ అయ్యే మూస అభిప్రాయాలు ద్వేషం లేనివాళ్ల బుర్రలోనూ వాటంతటవే మెదులుతాయనీ, ఆగి ఆలోచించే వీలున్నప్పుడే వాటిని పక్కకు నెట్టగలమనీ పెట్రీషియా డివైన్ అనే మనస్తత్వవేత్త 1989లో చూపింది. ఎమర్జెన్సీలో కరువయ్యేది ఆ వీలే. పైగా కేస్ షీటులో రాసిన మాట అంటుకుంటుంది. జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు ఒకే ఊహాజనిత సికిల్ సెల్ రోగి గురించి రెండు రకాలుగా రాసి వైద్య విద్యార్థులకు, రెసిడెంట్లకు ఇచ్చారు. అనుమానపు మాటలున్న నోట్సు చదివినవాళ్లు నొప్పికి తక్కువ వైద్యం సూచించారు. ఇది 2018లో అచ్చయింది.

సికిల్ సెల్ నల్లవాళ్ల జబ్బనే మాటా మూసలోదే. మలేరియా ఏలిన నేలల్లో బలపడిన జన్యువిది. గ్రీసులో ఉంది, అరేబియాలో ఉంది, మన అరకు, పాడేరు కొండల్లోనూ ఉంది. ఏజెన్సీ నుంచి రోగులొచ్చే ఆస్పత్రిలో నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఇదే నొప్పితో వచ్చిన గిరిజన పిల్లల గురించి విన్న మాట వేరు: "కొండోళ్లు కదా, ఓర్చుకుంటారులే." అమెరికా కుర్రాడు నటిస్తున్నాడన్నారు, కొండ పిల్లలకు నొప్పే తెలియదన్నారు. పూర్తిగా ఎదురు మాటలు. రెండు చోట్లా ఇంజెక్షన్ మాత్రం ఆలస్యమే అయింది.

మనవాళ్ల సంగతీ చెప్పాలి. అమెరికాలో ఉన్న తన పిల్లల దగ్గరికి వచ్చిన ఒక తెలుగు పెద్దాయనకు గుండెపోటు వచ్చింది. స్టెంటు వేయాల్సిన కార్డియాలజిస్టు నల్లజాతీయుడు. పెద్దాయన నా చెయ్యి పట్టుకుని తెలుగులో, "బాబూ, ఇంకో డాక్టరెవరూ లేరా?" అన్నారు. ఉన్నవాళ్లలో ఈయనే దిట్ట అని చెప్పి సంతకం పెట్టించాను. మూడోనాడు ఇడ్లీ తింటూ ఆ డాక్టర్ని తెగ పొగిడారు. "ఈయన మిగతావాళ్ల లాంటివాడు కాదండీ" అన్నారు. గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954 నాటి తన పుస్తకంలో వర్ణించింది సరిగ్గా ఈ తెలివినే. ఎదురైన మంచివాణ్ణి మినహాయింపు కింద లెక్కేసి, కంచెను మళ్లీ బిగించుకోవడం. ఒక్క అనుభవంతో మనసు మారిపోతుందని నేను నమ్మకపోవడానికి ఆ ఇడ్లీ ప్లేటే కారణం.

ఇలాంటి పక్షపాతాన్ని పోగొట్టే శిక్షణ తరగతుల మీదా నాకు పెద్ద ఆశ లేదు. మనకు తెలియకుండా లోపలుండే పక్షపాతాన్ని తగ్గించే తొమ్మిది పద్ధతులను పరీక్షించి 2016లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, కొద్ది గంటలో, కొద్ది రోజులో గడిచేసరికి ఏ ఒక్కదాని ప్రభావమూ నిలవలేదు. మనసు కడుక్కోవడం కన్నా పని పద్ధతి మార్చుకోవడమే మేలు. సికిల్ సెల్ నొప్పితో వచ్చినవారికి గంటలోపు మందు పడాలి, ఆపైన అరగంటకో గంటకో మళ్లీ చూడాలి అని అమెరికన్ హెమటాలజీ సొసైటీ 2020లో రాసిపెట్టింది. గడియారానికి రోగి రంగుతో పని లేదు.

తోటి డాక్టర్లకు, నర్సులకు నా మనవి ఒకటే. రోగిని అప్పజెప్పేటప్పుడు జబ్బేమిటో, నొప్పి ఎంతుందో, చివరి మోతాదు ఎన్ని గంటలకు పడిందో చెప్పండి. అతని మీద మీకున్న అభిప్రాయం, నేను చూసి వచ్చాక చెబుదురుగాని.