ఒక చిన్న మాట

భాషలో పెద్ద పదములయందు మనకు గౌరవ మెక్కువ. చిన్న పదములను అంతగా లెక్కచేయము. బాల్యమున నేనును అట్లే తలచెడివాడను. కాని ఒక చిన్న మాట నన్ను ఒక రాత్రి యంతయు ఏడిపించినది. ఆ కథ మీకు చెప్పెదను.

1962వ సంవత్సరమున నేను వనపర్తిలో చదువుకొనుచుంటిని. మా స్వగ్రామము నాగర్‌కర్నూలునకు సమీపమున నున్నది. అప్పుడు ఈ రెండూళ్ళును, గద్వాలయు మహబూబ్‌నగరు జిల్లాలోనివే. 2016లో ఈ మూడును వేర్వేరు జిల్లాలకు ముఖ్యపట్టణములైనవి. వనపర్తి, గద్వాలలు పూర్వము నిజాము ఏలుబడిలోని సంస్థానములు. నేను చదువునాటికి సంస్థానములు పోయినవి. వనపర్తి రాజభవనమున 1959లో పాలిటెక్నిక్ కళాశాల వెలసినది. సాయంకాలములందు మేము ఆ భవనము ముందు నిలిచి, పెద్దవారమైన పిమ్మట అందులో చదువవలెనని కలలు కనెడివారము. అందులకు ఇంగ్లీషు రావలెను. కనుక ఇంగ్లీషు అనిన మాకు ఆశయు, భయమును.

మా ఇంగ్లీషు సారు గద్వాలవారు. నిజాము కాలమున ఉర్దూ మాధ్యమములో చదివినవారు. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడును వారికి కొట్టినపిండి. రెన్, మార్టిన్ అను ఇరువురు రచించిన వ్యాకరణ గ్రంథము వారి బల్లపై ఎప్పుడును ఉండెడిది. ఏ పదము తరువాత ఏ ప్రిపొజిషన్ రావలయునో తెలుపు పట్టిక యొకటి అందులో కలదు. సారు దానిని అర్థము తెలిసికొని నెమ్మదిగా చదువుడనిరి. నేను ఒక్క వారములో కంఠస్థము చేసితిని. "అఫ్రెయిడ్ ఆఫ్, ఫాండ్ ఆఫ్, ప్రౌడ్ ఆఫ్" అని నిద్రలో లేపి అడిగినను చెప్పగలిగెడివాడను. పరీక్షలో మార్కులును వచ్చినవి. ఇక నాకు రానిది లేదనుకొంటిని.

ఆ ఏటి కార్తీకమాసమున మా మేనమామ యొద్దనుండి జాబు వచ్చినది. "అమ్మకు పది దినములుగా జ్వరము. నిన్నే కలవరించుచున్నది. వెంటనే రమ్ము" అని అందులో నుండెను. మా వసతిగృహమున సెలవుచీటి ఇంగ్లీషులోనే వ్రాయవలెనని నియమము. వణకుచున్న చేతితో కాగితము తీసికొంటిని. అమ్మకు ఏమగునో అని భయముగా నున్నదని చెప్పుట నా ఉద్దేశము. "అఫ్రెయిడ్" అని వ్రాయగనే పట్టిక కనులముందు నిలిచినది. "ఐ యామ్ అఫ్రెయిడ్ ఆఫ్ మై మదర్. ప్లీజ్ గ్రాంట్ మి లీవ్" అని వ్రాసి యిచ్చితిని. తొందరలో జ్వరము మాట వ్రాయుట మఱచితిని.

చీటి చదివిన పెద్దమనిషి నవ్విరి. "తల్లి యనిన నీకంత భయమైనచో ఇచ్చటనే యుండుము. సెలవేల?" అని దానిని ప్రక్కన పెట్టిరి. నాకు గొంతు పెగలలేదు. నాగర్‌కర్నూలు పోవు కడపటి బస్సు వెళ్ళిపోయినది.

చీకటి పడిన పిమ్మట మెట్లపై కూర్చుండి ఏడ్చుచుంటిని. ఆ దారిని పోవుచున్న సారు నన్ను చూచి ఆగిరి.

"ఏమిరా, ఏమైనది?"

మామ జాబు వారి చేతికిచ్చి, జరిగినది చెప్పితిని. "నేను తప్పు వ్రాయలేదు సార్. పట్టికలో నున్నట్లే వ్రాసితిని" అని వెక్కివెక్కి ఏడ్చితిని.

సారు కొంతసేపు మాటాడలేదు. పిమ్మట "నీవు వ్రాసినదానికి అర్థము, అమ్మ నిన్నేమి చేయునో యని భయము. అమ్మకు ఏమగునో యని భయమైనచో 'అఫ్రెయిడ్ ఫర్' అనవలెను నాయనా" అనిరి. వెంటనే పోయి ఆ పెద్దమనిషితో మాటాడి సెలవు ఇప్పించిరి. మఱునాడు తెల్లవారుజామున తామే వచ్చి నన్ను మొదటి బస్సు ఎక్కించిరి.

కేసరి సముద్రము చెరువు మీద ఎండ పొడ పడు వేళకు నాగర్‌కర్నూలు చేరి, అచటినుండి మా ఊరికి పరుగెత్తితిని. అమ్మ మంచముపై నుండి నా చేయి పట్టుకొని "రాత్రి తలుపు చప్పుడైనప్పుడెల్ల నీవే వచ్చితివనుకొంటిని బిడ్డా" అన్నది. నేనేమి చెప్పగలను? అక్షరము రాని అమ్మకు "ఆఫ్" అననేమి, "ఫర్" అననేమి! నెల దినములకు ఆమె కోలుకొన్నది. ఆ రాత్రిని మాత్రము నేనామెకు తిరిగి ఇయ్యలేకపోతిని.

నేను తిరిగి వచ్చిన పిమ్మట సారు ఒకనాడు తరగతిలో, నా పేరెత్తకయే, ఈ పాఠము చెప్పిరి.

"మనము పులికి భయపడుదుము. కనుక తెలుగు పిల్లవాడు 'అఫ్రెయిడ్ టు' అనును. ఉర్దూలో పులి 'సే' భయపడుదురు. 'సే' అనగా 'నుండి'. కనుక ఉర్దూ పిల్లవాడు 'అఫ్రెయిడ్ ఫ్రమ్' అనును. సంస్కృతమున భయహేతువునకు పంచమీ విభక్తి. 1858లో వెలువడిన బాలవ్యాకరణమున చిన్నయసూరి దానికి 'వలన' అని విధించెను. ఇంగ్లీషువాడు 'ఆఫ్' అనును. భయము ఒక్కటే, కట్టు త్రాడు మాత్రము భాషకొక్కటి. మన త్రాడు తెచ్చి వారి భాషకు కట్టినచో ముడి నిలువదు."

"అట్లయిన పట్టిక చాలును గదా సార్?" అని ఒకడు అడిగెను.

"చాలదు. 'గుడ్' అను మాట చూడుము. లెక్కలలో దిట్ట యైనచో 'గుడ్ ఎట్'. మజ్జిగ ఒంటికి మంచిదన్నచో 'గుడ్ ఫర్'. అవ్వ నాయెడ దయగలది యన్నచో 'గుడ్ టు'. విశేషణ మొక్కటే, అర్థములు మూడు. మనిషి మీద కోపమైనచో 'ఆన్' అనక 'యాంగ్రీ విత్' అనవలెను. అతడు చేసిన పనిమీద నైనచో 'యాంగ్రీ ఎట్'. 'సుపీరియర్', 'సీనియర్' అనువానికి మనము 'కంటె' అను అర్థమున 'దాన్' చేర్తుము. అవి లాటిన్ నుండి వచ్చినవి. వానికి 'టు' రావలెను. పట్టిక అబద్ధము కాదు. కాని ఏమి చెప్పదలచితివో ముందు నీకు తెలియవలెను."

పిమ్మట వారు తమ ఊరి చీర మాట చెప్పిరి. "గద్వాల చీరకు ఒడలు నూలు, అంచు పట్టు. ఆ రెంటిని కలుపు నేతను కుప్పడము అందురు. చీర కొనువారు అంచు చూతురు, కొంగు చూతురు. నేతగాడు మాత్రము కలిసిన చోటు చూచును. అచట పోగు తప్పినచో నూలు మంచిదైనను, పట్టు మంచిదైనను చీర నిలువదు. ఈ చిన్న మాటలు అట్టి పోగులు."

బాలలారా, ఆనాటినుండి నేను పట్టికలు చదువుట మానలేదు. కాని ప్రతి విశేషణమునకు ఒక వాక్యమును నా సొంతముగా వ్రాసి, అది ఎవరికి చేరునో, చదివినవారు ఏమనుకొందురో ఊహించుకొనుట అలవరచుకొంటిని. కొంచెము ఆలస్యమగును; కాని అట్లు నేర్చినది మఱపునకు రాదు.

ఆ సెలవుచీటిని సారు నాకే తిరిగి ఇచ్చిరి. అందు "ఆఫ్" అను మాటను ఎర్రసిరాతో కొట్టివేసి, పైన "ఫర్" అని వ్రాసియున్నది. నా వ్యాకరణ గ్రంథములో అది నేటికిని భద్రముగా నున్నది.