హాజరు పుస్తకము

క్రిస్మసు దినములలో రక్షణ సైన్యమువారి బ్యాండు వీధివెంట వచ్చుట మీలో కొందరు చూచియుందురు. పెద్ద డ్రమ్ము మోయువాని వెనుక పరుగెత్తు పిల్లలను కూడ చూచియుందురు. బాపట్లలో ఆ పిల్లలలో నేనొకడను. ఆ డ్రమ్మును ఒక్కసారి కొట్టనిచ్చినయెడల ఆ పూట అన్నము లేకపోయినను సరే అనుకొనెడివాడను. ఎవరును కొట్టనియ్యలేదు. నలువది ఏండ్లు గడచిన పిమ్మట, అమెరికా దేశమందు పెన్సిల్వేనియా రాష్ట్రములో ఉద్యోగము చేసికొని బ్రదుకుచుండగా నాకు ఆ కోరిక తీరినది. తీరిన విధమును, దానివెంట వచ్చిన సిగ్గును మీతో చెప్పవలెనని వ్రాయుచున్నాను.

ఆ దేశములో డ్రమ్ కోర్ అని ఒక విధమైన మేళము కలదు. మన పెండ్లి బ్యాండులో ఉండు క్లారినెట్టు ఇందులో ఉండదు. ఇత్తడి బాకాలు, డ్రమ్ములు, జెండాలు త్రిప్పువారు, అంతే. మొదటి ప్రపంచ యుద్ధమునుండి తిరిగివచ్చిన సైనికుల సంఘములు తమ తమ ఊళ్లలో ఇట్టి దళములను లేపినవి. అవి రానురాను ఫుట్‌బాల్ మైదానముమీద నడచుచు వాయించు పోటీలైనవి. అయిదు గజములకు ఎనిమిది అడుగుల చొప్పున నడువవలెను. నడచుచునే వలయములు, వంకర గీతలు కట్టవలెను. ఊపిరి తప్పక వాయింపవలెను. యౌవనుల దళములకు డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ అను సంస్థ కలదు. అది 1972లో తన మొదటి పెద్ద పోటీని జరిపెను. అయితే ఇరువది యొకటి, ఇరువది రెండు ఏండ్లు వచ్చుసరికి ఆ యౌవనులు అందులోనుండి వెలుపలికి రావలసినదే. పెద్దవారి పోటీలను డ్రమ్ కోర్ అసోసియేట్స్ అను మరియొక సంఘము 1965 మొదలు జరుపుచు వచ్చెను. ఇటీవల వాటిని కూడ డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ వారే చేపట్టి, ఆల్ ఏజ్, అనగా అన్ని వయస్సులవారి వర్గము అను పేరు పెట్టిరి. నేను చెప్పబోవు సంగతి 2012, 2013 సంవత్సరములలో, ఆ పాత సంఘము ఉండగానే జరిగినది.

ఆ యేడు మా పట్టణములో పెద్దవారి దళమొకటి క్రొత్తగా లేచెను. లారీ తోలువారు, నర్సులు, తపాలా పని విరమించిన ఒక ముసలాయన, బడులలో సంగీతము చెప్పు ఉపాధ్యాయులు, ఇట్టివారు చేరిరి. నాకు వాయించుట రాదు, లెక్కలు వచ్చును. గనుక నన్ను కోశాధికారిగా తీసికొనిరి. డ్రమ్ముల దగ్గర నిలువబడుటయే చాలునని వెళ్లినవాడను. బాస్ డ్రమ్ము మోయువారు ఒకరు తక్కువైనందున నా భుజములకు కూడ ఒకటి తగిలించిరి.

ఇప్పుడు అసలు చిక్కు చెప్పెదను. పెద్దవారి పోటీలలో అప్పుడు రెండు వర్గములుండెను. మొదటిది నూరుమందికి పైబడి మైదానమంతయు నింపగల దళములు నిలుచు పెద్ద వర్గము. రెండవది ఏ క్లాసు, చిన్న దళములకొరకు ఏర్పరచినది. (ఏ అను అక్షరము చూచి ఇదే గొప్పదని మీరు అనుకొందురేమో. నేనును అట్లే అనుకొని మా యింటిలో గర్వముగా చెప్పితిని.) ఇవిగాక మూడవ త్రోవ కూడ ఉండెను. మొదటి యేడు పోటీలో నిలువక, ప్రదర్శన మాత్రము చేసి, తీర్పరుల సలహా విని ఇంటికి వచ్చుట.

మా దళములో తొమ్మిదిమంది యువకులుండిరి. యౌవనుల దళములలో వేసవియంతయు బస్సులలో తిరుగుచు, బడుల నేలమీద పండుకొనుచు నేర్చుకొని, వయస్సు దాటి వెలుపలికి వచ్చినవారు. మాలో బాకా ఊదుటయందు వారికి సాటి ఎవరును లేరు. వారు నవంబరులో ఒక సాయంకాలము కార్ల యొద్ద నన్ను నిలిపి, “చిన్న వర్గమైతే మేము ఉండము. ఏ వర్గమో మీకు తెలియునా?” అని అడిగిరి.

తెలియదు అని నేను చెప్పవలసినది. “పెద్ద వర్గములోనే నిలిచెదము, నేను చూచుకొందును” అంటిని.

ఎందుకు అంటినో నాకు తెలియును. నూరుమంది మధ్య డ్రమ్ము వేసికొని నిలిచిన నా ఫోటోను బాపట్లకు పంపవలెనని నాకుండెను. అంతేకాదు, ఆ యేటి లెక్కలో 80 మంది చందాలు వచ్చునని నేనే వేసితిని. పేర్లు ఇచ్చినవారు 63 మంది. పెద్ద వర్గమని చెప్పినయెడల మిగిలినవారును వచ్చెదరనుకొంటిని. సామానుల లారీకి, బస్సులకు, నేర్పువారి జీతములకు ఆ చందాలే ఆధారము.

ఇక్కడ బాస్ డ్రమ్ముల సంగతి కొంచెము చెప్పనియ్యుడి, ఏలయనగా నాకు బుద్ధి వచ్చినది అక్కడనే. రక్షణ సైన్యమువారి బ్యాండులో పెద్ద డ్రమ్ము ఒక్కటే. డ్రమ్ కోర్‌లో అట్టివి అయిదుండును. ఒక్కొక్కటి ఒక్కొక్క పరిమాణము, ఒక్కొక్క స్వరము. ఒకే పాటముక్కను అయిదుగురికి పంచిపెట్టుదురు. మొదటివాడు ఒక దెబ్బ, రెండవవాడు రెండు, మూడవవాడు ఒకటి, ఈ విధముగా దెబ్బలు చేతులు మారుచు పోవును. దూరమునుండి వినువానికి ఒకే మనుష్యుడు కొట్టినట్టుండును. ఒకడు రానియెడల తక్కినవారు ఎంత గట్టిగా కొట్టినను ఆ చోటు పూడదు. జనవరిలో ఒక శనివారము మా రెండవ డ్రమ్ము మనిషికి ఆసుపత్రిలో రాత్రి పని పడి రాలేకపోయెను. ఆ దినమంతయు మా పాట పన్ను ఊడిన నోటివలె ఉండెను.

మైదానముమీద నడక కూడ ఇట్టిదే. ఆ నడకను వ్రాయువాడు ఒక్కొక్క మనిషికి కాగితముమీద ఒక్కొక్క చుక్క పెట్టును. ఎంతమందికి వ్రాసెనో అంతమంది నిలువవలెను. గనుక ఏ వర్గమో, ఎంతమందో చలికాలములోనే తేలవలెను. వేసవి వచ్చినమీదట చూచుకొందము అనుటకు వీలులేదు.

ఫిబ్రవరిలో కమిటీ కూడెను. రెండు గంటలు వాదించిరి. పెద్ద వర్గములో చివరివారమైనను పెద్దల ప్రక్కన నేర్చుకొందుమని కొందరనిరి. ఆ మాటలో సత్యము లేకపోలేదు. పూర్వము 1980లవరకు తప్పునకు ఇంతయని మార్కు కోసివేసెడివారు. తరువాతి పద్ధతి అట్టిది కాదు. ఏమి ఎత్తుకొంటిరి, దానిని ఎంత బాగుగా నెరవేర్చిరి, రెండును చూతురు. కష్టమైనది ఎత్తుకొని చెడగొట్టినవానికి తక్కువే, తేలికైనది చక్కగా చేసినవానికిని ఒక హద్దు దాటి రాదు. “గనుక ఎత్తుకొందము” అని వారు, “నెరవేర్చువారు ఏరి?” అని వీరు.

మాలో తాళములు కొట్టు ఒక పెద్దావిడ ఉండెను. బడిలో పని చేసి విరమించినది. అందరును ఆమెను పేరు పెట్టి పిలిచెడివారు. నాకు నోరు రాక మేడమ్ అనెడివాడను, ఆమె నవ్వెడిది. ఆమె అంతవరకు ఒక్క మాట ఆడలేదు. తన సంచిలోనుండి హాజరు పుస్తకము తీసి బల్లమీదుగా నా వైపు త్రోసి, “లెక్కలు మీవి కదా, మీరే చదవండి” అనెను.

పదునాలుగు శనివారములు. పేర్లు 63. అందరికంటె ఎక్కువమంది వచ్చిన దినమున 52. మంచు పడిన దినమున 29. పండ్రెండు దినములైనను తప్పక వచ్చినవారు 38 మంది: బాకాలు 21, డ్రమ్ములు, తాళములు కలిసి 9, జెండాలు 8. ఆ తొమ్మిదిమంది యువకులలో ఆరుగురు ఏడు దినములకు మించి రాలేదు. సోమరులై కాదు, శనివారము జీతము వచ్చు పనులు వారివి. నేను చదువుచుండగా నా గొంతు తగ్గిపోయెను. 63 చుక్కలు వ్రాసి 38 మంది నిలిచినయెడల మైదానములో 25 గుంటలు కనబడును. ఆ మాట కూడ నాచేతనే చెప్పించిరి.

తపాలా ముసలాయన ప్రదర్శన మాత్రమే చాలునని అడిగెను. అది మంచి మాటయే అని నాకు ఇప్పటికిని తోచుచున్నది. అయితే మార్కు లేనియెడల చలిలో ఎవరు వచ్చెదరని నాయకుడు భయపడెను. ఏ క్లాసు అని తీర్మానమైనది. మార్చి చివరకు తప్పక వచ్చువారు 44 మంది తేలిరి, నడకను 44 మందికే వ్రాయించితిమి. నా లెక్కను చించి మరల వ్రాసితిని. రెండు బస్సులకు బదులు ఒకటి, క్రొత్త దుస్తులకు బదులు నల్ల లాగులు, ఒక రంగు చొక్కాలు.

యువకులతో చెప్పవలసిన పని నాది. కార్ల యొద్దనే చెప్పితిని. ఇద్దరు ఉండెదమనిరి. అయిదుగురు మారు పలుకక వెళ్లి వేరు దళములను చూచుకొనిరి. తక్కిన ఇద్దరు కోరిన దళములో చోట్లు అప్పటికే నిండిపోయినవి. వారిలో చిన్నవాడు, “తెలియదని నవంబరులోనే చెప్పియున్నయెడల నేను అప్పుడే అక్కడ చేరియుందును” అనెను. అతడు కోపముగా అనలేదు. ఆ వేసవి అతడు ఎక్కడను వాయింపలేదు. నేను క్షమాపణ అడిగితిని, ఫరవాలేదనెను. ఫరవాలేదని ఎవరైనను అట్లే అందురు.

జూలైలో మొదటి పోటీ. మా వర్గములో చివర నిలిచితిమి. తీర్పరులు మైదానముమీద తిరుగుచు మాటలాడుచు రికార్డు చేయుదురు. దానిని తిరిగివచ్చునప్పుడు బస్సులో విందుము. డ్రమ్ముల తీర్పరి గొంతు వచ్చెను: “బాస్ డ్రమ్ములు అయిదును వినబడుచున్నవి, మంచిది. నాలుగవది ఆలస్యము. మరల ఆలస్యము. ఆ, ఇప్పుడు వచ్చెను.” నాలుగవది నేనే. బస్సంతయు నా వైపు తిరిగి నవ్వెను. నేను కూడ నవ్వితిని గాని, అయిదును వినబడుచున్నవి అన్న ముక్కను ఇంటికి పోయిన తరువాత మరి రెండుసార్లు వింటిని.

బాపట్లకు ఫోటో పంపితిని. అందులో ఖాళీ గడ్డియే ఎక్కువ కనబడుచున్నది.

మరుసటి నవంబరులో పేర్లు వ్రాయు బల్లయొద్ద నేను కూర్చుండగా వయస్సు దాటి వచ్చిన ముగ్గురు క్రొత్త పిల్లలు వచ్చిరి. ఆ చిన్నవాడు వచ్చునేమోనని వారి వెనుకకు చూచితిని, రాలేదు. ముగ్గురిలో ఒకడు కలము చేతపట్టుకొని, “ఈ యేడు ఏ వర్గము సారూ?” అని అడిగెను.

“ఇంకను తెలియదు, నాయనా. ఫిబ్రవరిలో అడుగు” అంటిని. అతడు కొంచెము తడవు ఆలోచించి, తన పేరు వ్రాసెను.